మైకేల్ బేకి హద్దు ఎవరు గీస్తారు?

(పాలకొల్లులో ఒక ఆదివారం సాయంత్రం జరిగిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. మాట్లాడినాయన సినిమా ఎడిటర్.)

నమస్కారం అండి అందరికీ. వెనక నించున్న తమ్ముళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, ముందు వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఆ, అలా రండి. ఫ్యాన్ చప్పుడుకి మాట వినపడకపోతే చెయ్యెత్తండి, గట్టిగా చెప్తాను.

ఇవాళ హాలీవుడ్ డైరెక్టర్ మైకేల్ బే గురించి మాట్లాడుకుందాం. ఈయన పేరెత్తితే చాలు జనం రెండు జట్లయిపోతారు. ఒక జట్టుకి ట్రాన్స్‌ఫార్మర్స్ అంటే ప్రాణం, చిన్నప్పుడు తెలుగు డబ్బింగ్‌లో చూసి పెరిగారు, రెండో జట్టేమో ఆయన్ని డైరెక్టర్ అనడానికే ఒప్పుకోదు, బాంబులు పేల్చేవాడు అంటారు అంతే. నేను ఎడిటర్నండి, పొద్దున్నుంచి రాత్రిదాకా షాట్లు కోయడం, అతకడం, ఇదే నా పని. ఆయన షాట్ ఒక్కటి తీసి టైమ్‌లైన్ మీద పెట్టి చూస్తే ఇంత బాగా ఎలా తీశాడ్రా అనిపిస్తుంది. అదే ఆయన సినిమా రెండున్నర గంటలు కూర్చుని చూస్తే ఒక్కోసారి ఒళ్ళు మండిపోద్ది. రెండూ నిజమే. ఒకే మనిషి చేతిలో ఈ రెండూ ఎలా ఉన్నాయి? అదే నేను తేల్చుకోవాలనుకుంటున్నది. మనది దాసరి నారాయణరావు గారు, కోడి రామకృష్ణ గారు పుట్టిన ఊరు, డైరెక్టర్ అంటే ఏంటో ఇక్కడ ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు, కాబట్టి నేరుగా పనిలోకి వెళ్ళిపోతాను.

ఆయన ఎక్కణ్ణుంచి వచ్చాడో తొందరగా చెప్పేస్తా. 1965లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టాడు. పదిహేనేళ్ళ వయసులో స్టార్ వార్స్ తీసిన జార్జ్ లూకాస్ కంపెనీలో స్టోరీబోర్డులు, అంటే షాట్లని ముందే కాగితం మీద గీసుకునే బొమ్మలు, సర్ది ఫైల్ చేసే చిన్న పని చేశాడు, రైడర్స్ ఆఫ్ ద లాస్ట్ ఆర్క్ సినిమా బొమ్మలు ఆయన చేతుల మీదుగానే వెళ్ళాయి, ఆ బొమ్మలు చూసి ఇది బాగోదనుకున్నాడట, తీరా థియేటర్లో చూశాక నేనూ ఇదే పని చేస్తానన్నాడు. తర్వాత వెస్లియన్ యూనివర్సిటీలో సినిమా చదువుకున్నాడు, జీనైన్ బేసింగర్ అని పేరున్న సినిమా చరిత్రకారిణి, ఆవిడ దగ్గర. ఇది గుర్తుపెట్టుకోండి. చదువు లేక, తెలియక అలా తీస్తున్నాడు అనేమాట ఈయన విషయంలో చెల్లదు. అన్నీ తెలిసే తీస్తున్నాడు.

చదువయ్యాక మ్యూజిక్ వీడియోలు, యాడ్‌లు. 1993లో పాల కోసం ఒక యాడ్ తీశాడు, గాట్ మిల్క్ అని అమెరికాలో చాలా పేరొచ్చింది. మీరు ఫోన్లో వెతికి చూడండి, నిమిషం పని. ఒక గది. గది నిండా అమెరికా తొలితరం నాయకుడు అలెగ్జాండర్ హామిల్టన్‌ని ఆరన్ బర్ కాల్చి చంపిన గొడవకి సంబంధించిన సామాను, పిస్తోళ్ళు, బొమ్మలు, అద్దాల పెట్టెలో తూటా. ఒకాయన బ్రెడ్డు మీద వేరుశనగ ముద్ద దట్టంగా పూసుకుని నోట్లో కుక్కుకుంటాడు. సరిగ్గా అప్పుడే రేడియో వాళ్ళు ఫోన్ చేస్తారు, పది వేల డాలర్ల ప్రశ్న, హామిల్టన్‌ని కాల్చింది ఎవరు? ఆయనకి తెలుసు! ప్రపంచంలో ఆయన కన్నా బాగా ఎవరికీ తెలీదు! కానీ నోరు పెగలదు. పాల డబ్బా వంచుతాడు, చుక్క లేదు. టైమ్ అయిపోద్ది. అంతే యాడ్. ఒక్క పేలుడు లేదు. మాట్లాడకుండానే ఆ గది చూపించి, ఆ మనిషి ఎవరో మొత్తం చెప్పేశాడు, చివరికి మనకి ఆయన మీద జాలి కలిగేలా చేశాడు. ఎందుకు చెయ్యగలిగాడు? ఒక నిమిషమే ఉంది కాబట్టి. ఒక గదే ఉంది కాబట్టి. నా మాటంతా ఇక్కడే ఉందండి, మైకేల్ బేకి ఎవరన్నా హద్దు గీస్తే ఆ హద్దులో మనుషులు కనపడతారు. హద్దు తీసేశారా, మనుషులు మాయమైపోతారు.

ఇప్పుడు 1995, బ్యాడ్ బాయ్స్. మొదటి సినిమా. 1.9 కోట్ల డాలర్లు ఖర్చు, హాలీవుడ్ లెక్కలో చాలా తక్కువ. క్లైమాక్స్‌లో ఒక పేలుడు షాట్‌కి స్టూడియో డబ్బులివ్వనంటే సొంత జేబులోంచి 25 వేల డాలర్లు పెట్టుకుని తీశాడు. ఆ పట్టుదల నాకు చాలా ఇష్టమండి. డబ్బు పోతే పోయింది, షాట్ నాకు కావాలి అనే మనిషి.

ఆ సినిమాలో ఒక షాట్ ఉంది, ఇక్కడ పెళ్ళి వీడియోలు తీసే తమ్ముళ్ళు ఎవరన్నా ఉన్నారా? చేతులెత్తండి. ఆ, చాలామందే ఉన్నారు. మీరు గింబల్ పట్టుకుని కాలవగట్టు మీద పెళ్ళికొడుకు పెళ్ళికూతురు చుట్టూ గుండ్రంగా తిరుగుతారు కదా, అవునా? దాన్ని ఇంత పాపులర్ చేసింది ఈ షాట్. విల్ స్మిత్, మార్టిన్ లారెన్స్ ఇద్దరూ కింద నుంచి పైకి లేస్తారు, కెమెరా నేలకి దగ్గరగా ఉండి వాళ్ళ చుట్టూ తిరుగుద్ది, స్లో మోషన్. ఇంతవరకూ మీరూ చేస్తున్నారు. మరి ఆయన షాట్‌కి ఆ ఊపు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆయన పొడుగు లెన్సు, అంటే దూరంగా ఉన్నదాన్ని దగ్గరగా చూపించేది, వాడతాడు, కెమెరాని దూరంగా పెట్టి తిప్పుతాడు. అప్పుడు హీరోల సైజు ఫ్రేమ్‌లో మారదు, వాళ్ళు కదలనట్టే ఉంటారు, వెనకున్న మయామీ చెట్లు, ఆకాశం మాత్రం బర్రున తిరిగిపోతాయి. లోకం అంతా తిరుగుతుంటే ఈ ఇద్దరే నిలబడ్డారు అనిపిస్తుంది. ఆ పైన ఇంకోటి, వాళ్ళు లేవడం, కెమెరా తిరగడం, ఆ తల తిప్పి చూడటం, మూడు కదలికలూ ఒక్కసారే జరుగుతాయి. మీరేం చేస్తున్నారు? వైడ్ లెన్సు పెట్టి జంటకి రెండడుగుల దూరంలో తిరుగుతున్నారు, వెనక కొబ్బరితోట అక్కడే ఉంటుంది, కదలదు. అదీ తేడా. మీ దగ్గర ఉన్న కెమెరాతోనే ఇది వస్తుంది, డెబ్భై ఎమ్మెమ్ పైన లెన్సు పెట్టుకుని రేపు ఒకసారి ప్రయత్నించండి.

ఫ్రేమ్‌లో పొరలు పెట్టడం ఆయనకి పుట్టుకతో వచ్చిన విద్యలా ఉంటుంది. ముందు ఏదో ఒకటి అడ్డంగా వెళ్తుంది, మధ్యలో మనిషి, వెనక పొగ, ఆ వెనక సూర్యుడు. నాలుగు పొరలూ వేరువేరు స్పీడులో కదులుతాయి. అందుకే ఆయన సినిమాలో మామూలుగా కార్లోంచి ఒక మనిషి దిగినా పెద్ద సంగతి ఏదో జరుగుతున్నట్టుంటుంది. ఇది కంప్యూటర్లో పుట్టించేది కాదు, స్పాట్‌లో చెయ్యాల్సిందే. పేలుడు కూడా వీలైనంతవరకూ నిజంగా పేలుస్తాడు, దుమ్ము నిజం, వేడి నిజం, నటుడి మొహంలో బెదురు నిజం. ఈ రోజుల్లో ఆకుపచ్చ గుడ్డ ముందు నించోబెట్టి తీసేసిన యుద్ధాలు చూసి చూసి విసుగెత్తిపోయిన నాకు, ఆ నిజమైన దుమ్ము ఎంత విలువైందో చెప్పలేను.

తర్వాతి ఏడు, 1996, ద రాక్. నన్నడిగితే ఆయన తీసిన వాటిలో ఇదే గొప్పది. ఎందుకంటే హద్దులు చూడండి. ఒక దీవి, ఆల్కట్రాజ్ జైలు, నిజంగా అక్కడికే వెళ్ళి తీశారు. ఒక గడువు. షాన్ కానరీ, నికొలస్ కేజ్, ఎడ్ హారిస్, డైరెక్టర్ కేకలకి బెదిరే మనుషులు కాదు వీళ్ళు. విలన్ ఎడ్ హారిస్ ఒక జనరల్, రహస్య ఆపరేషన్లలో చచ్చిపోయిన తన సైనికుల కుటుంబాలకి పరిహారం ఇవ్వలేదని గ్యాస్ రాకెట్లు పెట్టి బెదిరిస్తాడు. అడిగేది న్యాయమే, అడిగే దారి తప్పు.

అందులో షవర్ గది సీన్ ఉందండి. దాని గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఓపిక పట్టండి. నేవీ సీల్స్, అంటే అమెరికా నేవీ కమాండోలు, నేల కింద సొరంగంలోంచి ఆ గదిలోకి పైకొస్తారు. పైన చుట్టూ జనరల్ మనుషులు తుపాకులు గురిపెట్టి ఉన్నారు. కిందవాళ్ళు కింద, పైవాళ్ళు పైన. సొరంగంలో ఇంకా కింద కానరీ, కేజ్. మూడు ఎత్తులు, ఎవరు ఎక్కడున్నారో పసిపిల్లకి కూడా అర్థమవుద్ది. జనరల్ ఆయుధాలు దించమంటాడు. సీల్స్ కమాండర్ మైకేల్ బీన్, నువ్వు చెప్పేది నాకు అర్థమవుతోంది, కానీ నేనూ నీలాగే ప్రమాణం చేసినవాణ్ణి, దించను అంటాడు. ఇద్దరూ సైనికులే, ఇద్దరికీ కాల్చడం ఇష్టం లేదు, ఇద్దరూ గొంతు చించుకుని అరుచుకుంటున్నారు. అప్పుడు పైనుంచి ఒక రాతి ముక్క జారి పడుద్ది. అంతే. ఎవరో ట్రిగ్గర్ నొక్కేస్తారు. ఇక ఆగదు. జనరల్ ఆపండి ఆపండి అని అరుస్తూనే ఉంటాడు, ఎవరికీ వినపడదు. చూశారా, అక్కడ కాల్పులకి ఖరీదు ఉంది. ప్రతి తూటా ఎవరికో ఇష్టం లేకుండా పేలింది. కాల్పులు అయిపోయాక ఎడ్ హారిస్ మొహం మీద కెమెరా ఆగుద్ది. ఆగుద్ది! మైకేల్ బే కెమెరా! ఆ మొహం చూస్తే మనిషి లోపల ఏం కూలిపోయిందో తెలుస్తుంది. ఇంత బాగా తీయగలిగినవాడు తర్వాత ఇరవై ఏళ్ళలో ఎన్నిసార్లు అలా ఆగాడు? ఇదండీ నా బాధ.

ఆర్మగెడాన్ 1998. ఖర్చు 14 కోట్ల డాలర్లు. ఆ ఏడాది ప్రపంచం మొత్తం మీద అన్నిటికన్నా ఎక్కువ వసూలు చేసిన సినిమా. భూమి మీద పడబోతున్న గ్రహశకలంలో బొక్క పెట్టడానికి నూనె బావులు తవ్వేవాళ్ళని అంతరిక్షంలోకి పంపిస్తారు. బెన్ ఆఫ్లెక్ డీవీడీ కామెంటరీలో చెప్తాడు, తవ్వేవాళ్ళకి ఆస్ట్రోనాట్ పని నేర్పే బదులు ఆస్ట్రోనాట్లకే తవ్వడం నేర్పడం తేలిక కదా అని బేని అడిగితే నోరు మూసుకోమన్నాడట. రోజర్ ఈబర్ట్ అనే పెద్ద విమర్శకుడు ఇది రెండున్నర గంటల ట్రైలర్ అనే అర్థంలో రాశాడు. ఇంకోపక్క, ప్రపంచంలో మంచి సినిమాలు ఏరి భద్రంగా డిస్కులు వేసే క్రైటీరియన్ కంపెనీ ఉంది కదా, వాళ్ళు ద రాక్‌నీ వేశారు, ఈ ఆర్మగెడాన్‌నీ వేశారు. దానికి వ్యాసం రాసింది ఎవరనుకున్నారు? ఆ బేసింగర్ మేడమ్ గారే, ఆయన టీచరు. తిట్టినవాళ్ళూ చిన్నవాళ్ళు కాదు, మెచ్చుకున్నవాళ్ళూ చిన్నవాళ్ళు కాదు.

నాకైతే ఈబర్ట్ మాటే సబబుగా అనిపిస్తుంది, ఎందుకో ఎడిటర్‌గా చెప్తాను. చాలా షాట్లు రెండు మూడు సెకన్లకి మించవు. అది తప్పు కాదు, మేమూ అలా కోస్తాం. కానీ ప్రతి షాటూ క్లైమాక్స్ షాట్‌లాగే తీశాడు. మనిషి టీ తాగినా, ఫోన్ ఎత్తినా, ఏడ్చినా, గ్రహశకలం పేలినా కెమెరా అదే ఊపుతో తిరుగుద్ది, మ్యూజిక్ అదే ఎత్తున ఉంటుంది. అన్నీ ఒకే ఎత్తులో ఉంటే ఎత్తు అని దేన్నంటాం?

మీకు మన కోనసీమ జగ్గన్నతోట ప్రభల తీర్థం తెలుసు, వెదురుతో ఎత్తుగా కట్టిన ప్రభల మీద శివుణ్ణి పెట్టి భుజాల మీద మోసుకొస్తారు. కనుమ రోజు పదకొండు ఊళ్ళ రుద్రులు వస్తారు, గంగలకుర్రు అగ్రహారం ప్రభ కౌశిక కాలవలో దిగి నీళ్ళలోంచి అవతలి గట్టుకి ఎక్కుద్ది. ఆ ప్రభ ఎంత పెద్దదో మనకి ఎలా తెలుస్తుంది? ప్రభని చూస్తే తెలీదండి, కింద భుజాలు చూస్తే తెలుస్తుంది. గొంతుదాకా నీళ్ళలో దిగి, కాలు జారుతుంటే ఒకరినొకరు ఆపుకుంటూ, అశ్శరభ శరభ అంటూ మోసేవాళ్ళ మొహాలు చూస్తే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. మైకేల్ బే ద రాక్‌లో ఆ భుజాలు చూపించాడు. ట్రాన్స్‌ఫార్మర్స్ దగ్గరికి వచ్చేసరికి ఉత్త ప్రభ మిగిలింది.

ట్రాన్స్‌ఫార్మర్స్‌కి వెళ్ళేముందు పర్ల్ హార్బర్ చెప్పాలి, 2001, హవాయిలో అమెరికా నేవీ స్థావరం మీద జపాన్ చేసిన దాడి కథ. మూడు గంటల సినిమా. జపాన్ దాడి సీనొక్కటే నలభై నిమిషాల దాకా ఉంటుంది, వాడకంలో లేని నిజమైన నేవీ ఓడల మీద పేలుళ్ళు పెట్టి తీశారు. విమానంలోంచి బాంబు వదులుతారు, కెమెరా ఆ బాంబుతో పాటే కిందికి దిగుద్ది, ఓడ దగ్గరవుతూ ఉంటుంది దగ్గరవుతూ ఉంటుంది, యూఎస్‌ఎస్ అరిజోనా. చూసినవాళ్ళు ఎవరూ మర్చిపోరు ఆ షాట్‌ని. కానీ ఒకటి ఆలోచించండి. నిజంగా ఆ అరిజోనాలో 1941 డిసెంబర్ 7న చనిపోయినవాళ్ళు 1,177 మంది. మనం మాత్రం బాంబు వెనక కూర్చుని దిగాం. మనకి ఆ బాంబు ప్రయాణం తెలిసింది, ఓడలో ఒక్క మనిషి పేరు కూడా ఆ షాట్‌లో తెలియలేదు.

అదే సినిమాలో ఆస్పత్రి సీన్ చూడండి. క్షతగాత్రులు వందల్లో వచ్చిపడుతుంటే నర్సు తన లిప్‌స్టిక్ తీసి నుదుటి మీద గుర్తులు పెడుతుంది, ఎవరిని ముందు లోపలికి తీసుకెళ్ళాలి, ఎవరికి ఇక ఏం చెయ్యలేం అని. అంతకుముందు అందం కోసం వాడిన లిప్‌స్టిక్ అది. మూడు గంటల్లో నాకు ఊపిరాడనిది ఆ పేలుళ్ళలో కాదు, ఈ లిప్‌స్టిక్ దగ్గర. ఆయనకి తెలుసన్నమాట! అంత చిన్న వస్తువుతో అంత పెద్ద భయం చూపించడం ఆయనకి వచ్చు. వచ్చి కూడా నాలుగు షాట్లలో వదిలేసి మళ్ళీ ఇద్దరు పైలట్లు, ఆ నర్సు, ఆ ముగ్గురి ప్రేమకథకీ, తర్వాత టోక్యో మీద బాంబులేసి గెలిచి రావడానికీ వెళ్ళిపోతాడు.

ఇప్పుడు నేను చెప్పేది కొంచెం కోపంగానే చెప్తాను. బ్యాడ్ బాయ్స్ 2, 2003. క్లైమాక్స్ క్యూబాలో. కొండ మీద పేదవాళ్ళ గుడిసెలు, రేకుల ఇళ్ళు. హీరోలు హమ్మర్ బండి వేసుకుని ఆ గుడిసెల్లోంచే కిందికి దూకించుకుంటూ వస్తారు. ఒక ఇల్లు కూలుద్ది, ఇంకో ఇల్లు కూలుద్ది, రేకులెగురుతాయి, చెక్కలెగురుతాయి. ఫైటు పరంగా చూస్తే అద్భుతం, ఆ బండి బరువు తెలుస్తుంది, ఆ వాలు తెలుస్తుంది. థియేటర్లో ఈలలు. మరి ఆ ఇళ్ళల్లో ఎవరుంటారు?

ఇక్కడ కోనసీమ వాళ్ళున్నారు, ముమ్మిడివరం వైపు నుంచి కూడా వచ్చారు. 1996 నవంబర్ 6 తుఫాను రాత్రి మీకు చెప్పక్కర్లేదు. వెయ్యి మందికి పైగా పోయారు, కొబ్బరిచెట్లు లక్షల్లో కూలాయి. తాటాకిల్లు పడిపోవడం అంటే ఏంటో మనకి తెలుసు. గాలి ఎంతసేపు వీచిందో ఎవరూ ఎక్కువ చెప్పరు, తెల్లారాక సంగతులే చెప్తారు. పడిపోయిన కప్పు కింద ఏం వెతికారు? సత్తు గిన్నెలు, రేషన్ కార్డు, తాత ఫోటో, పిల్లల పుస్తకాలు. పక్కింట్లో మనుషులున్నారా లేరా అని పిలిచిన పిలుపు. కూలడం కొద్ది గంటలే, ఆ తర్వాతది ఏళ్ళ తరబడి. మైకేల్ బే సినిమాల్లో ఈ తర్వాత అనేది ఉండదండి. ఇల్లు ఎలా కూలుద్దో ఆయన కన్నా బాగా తీసేవాడు లేడు. కూలిన ఇంటి ముందు నిలబడిన మనిషిని మాత్రం చూపించడు. మన డెల్టాలో పుట్టినవాడిగా నేను ఈ ఒక్క విషయంలో ఆయన్ని క్షమించలేను.

సరే. నీళ్ళు ఇవ్వండి బాబూ. థ్యాంక్స్.

ట్రాన్స్‌ఫార్మర్స్, 2007. స్టీవెన్ స్పీల్‌బర్గ్ వెనకుండి తీయించాడు. మొదటి భాగంలో ఒక కుర్రాడు, వాడి మొదటి కారు, ఆ కారు రోబో అని తెలియడం, ఆ భాగం నిజంగా ముచ్చటగా ఉంటుంది, అక్కడ స్పీల్‌బర్గ్ చెయ్యి కనపడుద్ది. మంచి రోబోల నాయకుడు ఆప్టిమస్ ప్రైమ్‌ని పదివేలకి పైగా విడిభాగాలతో కంప్యూటర్లో కట్టారు లూకాస్ పెట్టిన గ్రాఫిక్స్ కంపెనీ ఐఎల్‌ఎమ్ వాళ్ళు. ప్రతి ముక్కా కదులుద్ది, తిరుగుద్ది, మడతపడుద్ది. కష్టం చూస్తే దణ్ణం పెట్టాలి. కానీ ఫైటు మొదలైతే ఏ చెయ్యి ఎవరిదో తెలీదు. ఇనుము ఇనుముని కొడుతోంది, అంతే. ద రాక్‌లో మూడు ఎత్తులు పసిపిల్లకి అర్థమయ్యేలా పెట్టిన మనిషి, ఇక్కడ రెండు రోబోలు కొట్టుకుంటుంటే మనవైపు రోబో ఏదో చెప్పలేకపోయాడు.

2009 రెండో భాగం గురించి ఎక్కువ చెప్పను. హాలీవుడ్ రచయితల సమ్మె వల్ల కథ సరిగ్గా రాసుకోలేదని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. అందులో ఇద్దరు కవల రోబోలున్నాయి, నల్లజాతి వాళ్ళని వెక్కిరించినట్టు ఉన్నాయని అమెరికాలో చాలామంది గట్టిగా అన్నారు, అనాలి కూడా, చదవడం రాదని చెప్పించి నవ్వించడం ఏం హాస్యం? ఆడవాళ్ళని చూపించే పద్ధతి అయితే, ఇక్కడ ఆడపిల్లలు కూర్చున్నారు, వాళ్ళకి నేను చెప్పేదేముంది. హీరోయిన్ మేగన్ ఫాక్స్ పాత్రకి కారు ఇంజన్ గురించి హీరో కన్నా ఎక్కువ తెలుసు, రాసినవాళ్ళు అలా రాశారు, మంచి పాత్ర. కెమెరా మాత్రం ఆ అమ్మాయి బానెట్ మీద వంగితే ఇంజన్ని చూడదు. ఒక పాత్రని కెమెరానే చంపేసింది. కొంతమంది మాస్ సినిమా అంటే అంతే కదండీ అంటారు. కాదండి. మాస్ అంటే మనుషులు, అందులో సగం మంది ఆడవాళ్ళు.

ఇప్పుడు మళ్ళీ నా హద్దు మాటకి వస్తాను. 2011లో మూడో భాగం, డార్క్ ఆఫ్ ద మూన్. ఈసారి త్రీడీలో తీశాడు. త్రీడీలో షాట్ రెండు సెకన్లలో కోసేస్తే కళ్ళు పట్టుకోలేవు, తలనొప్పి వస్తుంది. కెమెరాలు కూడా బరువు. కాబట్టి షాట్ నిలపాలి, వైడ్‌గా పెట్టాలి. చచ్చినట్టు నిలిపాడు. ఫలితం? షికాగో యుద్ధం. బిల్డింగు పక్కకి వాలిపోతుంటే అద్దాల మీద మనుషులు జారడం, రెక్కల్లాంటి వింగ్‌సూట్ డ్రెస్సు వేసుకున్న నిజమైన మనుషులు ఆ బిల్డింగుల మధ్య ఎగరడం, ఎవరు ఎక్కడున్నారో తెలుస్తుంది, భయం వేస్తుంది. ఒక మెషీన్ పెట్టిన నిబంధన ఆయన్ని మళ్ళీ మంచి డైరెక్టర్ని చేసింది. అదే 2017లో ఐదో భాగం, ద లాస్ట్ నైట్ చూడండి, 20 కోట్ల డాలర్ల పైన బడ్జెట్, అడ్డు చెప్పేవాడు లేడు, ఒకే సీన్లో ఇద్దరు మాట్లాడుకుంటుంటే షాటు షాటుకీ ఫ్రేమ్ సైజే మారిపోద్ది, పైన నల్ల పట్టీ వస్తుంది పోతుంది వస్తుంది పోతుంది. ఎడిటింగ్ రూములో కూర్చునే మాలాంటివాళ్ళకి అది చూస్తే కడుపు తరుక్కుపోద్ది. ఎవరో ఒకరు ఇది బాగోలేదు సార్ అని చెప్పి ఉండాల్సింది.

మధ్యలో 2016లో 13 అవర్స్ అని లిబియాలో అమెరికా కార్యాలయాల మీద జరిగిన బెంఘాజీ దాడి మీద తీశాడు, ఒక రాత్రి, ఒక కాంపౌండు, కొద్దిమంది మనుషులు, 5 కోట్ల డాలర్లు. రాజకీయం సంగతి పక్కనపెడితే, ఎదురుచూడటం అంటే ఏంటో అందులో తీశాడు, డాబా మీద తుపాకీ పట్టుకుని చీకట్లోకి చూస్తూ కూర్చోవడం.

ఆ పైన 2022, అంబులెన్స్. ఎంతమంది చూశారు? ఆరుగురా? మరీ అన్యాయం. 4 కోట్ల డాలర్లలో తీశాడు, లాస్ ఏంజెలెస్‌లో ఒక్క పగలు. బ్యాంకు దోపిడీ చెడిపోయి ఇద్దరు అన్నదమ్ములు అంబులెన్స్ ఎక్కి పారిపోతారు, లోపల తూటా తగిలిన పోలీసు, అంబులెన్స్‌లో ప్రథమచికిత్స చేసే ఒక పారామెడిక్ అమ్మాయి. డ్రోన్ రేసులు ఆడే కుర్రాళ్ళని పిలిపించి, డ్రోన్ కెమెరా చూపుని కళ్ళద్దాల్లో చూస్తూ నడిపే ఎఫ్‌పీవీ డ్రోన్ ఎగరేయించాడు, బిల్డింగు పైనుంచి గోడ వెంబడి కిందికి దూకి కార్ల మధ్యలోంచి దూసుకెళ్ళిపోద్ది. డ్రోన్ ఉన్న తమ్ముళ్ళు, మీరు కొబ్బరితోట మీద నిదానంగా పైకి లేపి ఆపేస్తారే, ఆ డ్రోనుకి ఇంకో జీవితం ఉంది, చూడండి ఒకసారి.

కానీ నేను చెప్పేది డ్రోన్ గురించి కాదు. బండి పరిగెడుతూనే ఉంటుంది, ఆ అమ్మాయి ఆ పోలీసు పొట్ట కోసి తూటా తియ్యాలి. తనకి సర్జరీ రాదు. వీడియో కాల్లో డాక్టర్లు గోల్ఫ్ ఆడుకుంటూ చెప్తుంటారు ఎక్కడ కొయ్యాలో. లోపల ప్లీహం పగిలి రక్తం చిమ్ముద్ది, పట్టుకోవడానికి క్లాంపు లేదు. తల్లోంచి క్లిప్పు తీసి దాంతో పట్టేస్తుంది. చేతులు వణుకుతున్నాయి, బండి మలుపు తిరుగుతోంది, వెనక పోలీసు కార్లు. ఆ క్లిప్పు చూడండి, పర్ల్ హార్బర్‌లో లిప్‌స్టిక్ చూడండి. ఇరవై ఏళ్ళ తేడాతో అదే విద్య, ఆడమనిషి చేతిలో ఒక చిన్న వస్తువు, ఒక ప్రాణం. పైగా ఈసారి ఆ అమ్మాయిని కెమెరా గౌరవంగా చూసింది. కథంతా తన నిర్ణయాల మీదే నడిచింది. ఇదండీ నేను ఇరవై ఏళ్ళుగా ఆయన దగ్గర ఆశించింది.

ఇప్పుడు వసూళ్ళు చెప్తాను. డార్క్ ఆఫ్ ద మూన్ ప్రపంచమంతా కలిపి 110 కోట్ల డాలర్ల పైన. 2014లో నాలుగో భాగం ఏజ్ ఆఫ్ ఎక్స్‌టింక్షన్, నా దృష్టిలో బాగా పేలవమైంది, అదీ 110 కోట్ల దాకా. అంబులెన్స్? 5 కోట్ల డాలర్ల చిల్లర. ఇందాక ఆ చివర కూర్చున్న పెద్దాయన అన్నారు, హద్దులో ఉండి తీస్తే మంచిది అంటున్నారు సరే, జనం హద్దు లేనివాటికే డబ్బులిచ్చారు కదా బాబూ, ఆయన తప్పేముంది అని. న్యాయమైన ప్రశ్నండి. నా జవాబు ఏంటంటే, ట్రాన్స్‌ఫార్మర్స్‌కి జనం వచ్చింది ఆ బొమ్మల మీద ఉన్న ప్రేమతో, చిన్నప్పటి కార్టూన్ మీద ప్రేమతో, పిల్లల్ని తీసుకుని. ఆ ప్రేమ కూడా అరిగిపోతుంది, ద లాస్ట్ నైట్‌కి వసూళ్ళు దాదాపు సగానికి పడిపోయాయి. అంబులెన్స్‌కి చేతిలో బొమ్మ లేదు, పేరున్న పార్ట్ టూ కాదు, మనుషులే ఉన్నారు. దానికి జనం రాకపోతే అది సినిమా తప్పని నేను ఒప్పుకోను.

ఇప్పుడు రెండు సీన్లు వేస్తాం, ముందు షవర్ గది, తర్వాత అంబులెన్స్‌లో ఆపరేషన్. మొదటిసారి సౌండ్ తీసేసి చూపిస్తాను. కాగితం పెన్నూ ఉన్నవాళ్ళు గది ప్లాన్ గీసుకోండి, తలుపు ఎక్కడ, మెట్లు ఎక్కడ, ఎవరు పైన ఎవరు కింద. సౌండ్ లేకుండా మీకు ఎన్ని తెలిశాయో చూసి, దాని మీద ప్రశ్నలు మొదలుపెడదాం. ముందు ఇందాకట్నించీ చెయ్యెత్తి ఉన్న ఆ చెల్లెమ్మకి అవకాశం ఇస్తాను.